"కుదరదు" అనడం ముందు నేర్చుకోండి: థెరపీ కుక్కల బృందం పెడుతున్నవాళ్లకి బహిరంగ లేఖ

హైదరాబాదులో థెరపీ కుక్కల బృందం, అంటే రోగుల్నీ ముసలివాళ్లనీ పలకరించి ఊరట ఇవ్వడానికి కుక్కల్ని తీసుకెళ్లే బృందం, మొదలుపెడుతున్న మీ ఐదుగురికీ, అలాంటిదే విశాఖలోనో విజయవాడలోనో పెడదామని ఇవాళో రేపో కూర్చోబోయేవాళ్లకీ,

మీ మెసేజి అందింది. "ఆంటీ, అక్కడ మీరు వాడే ఫారాలూ రూల్సూ పంపితే ఇక్కడికి తగ్గట్టు మార్చుకుంటాం" అన్నారు. పంపాను. పద్నాలుగు పేజీలు. అవి చదివితే కుక్కని ఎలా పరీక్షించాలో, ఏ టీకాల కాగితాలు అడగాలో, ఆస్పత్రి మంచానికి ఎటువైపు నిలబడాలో తెలుస్తుంది. బృందాన్ని నడిపేవాళ్ల గతేమిటో మాత్రం ఆ పద్నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. అది మీకు ఫోన్లో చెబుదామనుకున్నాను. కానీ ఇలాంటి మెసేజే పోయినేడు ఇంకో రెండు ఊళ్ల నుంచి వచ్చింది. ఒకే కథ మూడుసార్లు చెప్పే ఓపిక లేక, అందరికీ వినపడేలా రాస్తున్నాను.

నేనెవరో మీలో ఇద్దరికే తెలుసు. పుట్టింది కాకినాడ, ఉండేది న్యూజెర్సీ. మందుల కంపెనీలో రికార్డులు సరిచూసే ఉద్యోగం. పదకొండేళ్లుగా శనాదివారాలూ, మంగళవారం మధ్యాహ్నాలూ మాత్రం కుక్కలవి. మొదట్లో నా కుక్కతో ఆస్పత్రులకీ వృద్ధాశ్రమాలకీ వెళ్లేదాన్ని. తర్వాత కొత్తగా వచ్చే జంటల్ని పరీక్షించే టెస్టరునయ్యాను. మధ్యలో మూడేళ్లు మా బృందాన్ని నడిపే కమిటీలో ఉన్నాను. ఎవరూ దమ్మిడీ ఇవ్వరు. పెట్రోలు మనదే, పార్కింగు మనదే, కుక్క షాంపూ మనదే. అన్నట్టు, జంట అంటే ఒక కుక్క, దాని తాడు పట్టుకున్న ఒక మనిషి. పరీక్ష ఇద్దరికీ కలిపే.

కాకినాడలో మా ఇంట్లో కుక్క గడప దాటితే నాయనమ్మ పసుపునీళ్లు చల్లించేది. దానికి అన్నం పెరట్లోనే, పగిలిన మూకుట్లో. ఆవిడ మనవరాలు కుక్కని వెంటబెట్టుకుని ఆస్పత్రి వార్డుల్లో తిరుగుతోందని తెలిస్తే ఏమనేదో నాకు బాగానే తెలుసు, ఇక్కడ రాయలేను. నా కుక్క పేరు సున్నుండ. షెల్టరు నుంచి తెచ్చుకున్న లాబ్రడార్ కలగలుపు. వేయించిన మినప్పిండి రంగు చూసి మా అమ్మాయి పెట్టింది ఆ పేరు. దానికి వచ్చిన భాష తెలుగే: కూర్చో, ఆగు, వదిలెయ్, పద. పరీక్ష రోజున టెస్టరు, డెబ్బై దాటిన పెద్దావిడ, మా ఇద్దర్నీ చూసి అంతా బావుందని చెప్పి, చివర్లో ఒక మాట అడిగింది. "రేపు వార్డులో నువ్వు కళ్లు తిరిగి పడిపోతే దీన్ని ఎవరు కూర్చోబెట్టాలి?" నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. ఆ నాలుగు మాటలూ ఇంగ్లీషు అక్షరాల్లో రాయించి, సున్నుండ గుర్తింపు కార్డు వెనకాల అంటించేదాకా సంతకం పెట్టలేదు. బృందం నడిపేవాళ్లంటే ఎలా ఉండాలో నేను చూసిన మొదటి పాఠం అదే.

మీ ఇళ్లల్లో అడుగుతారు, ఈ కుక్కలతో వైద్యం ఎక్కణ్ణుంచి వచ్చిందని. చెప్పడానికి రెండు కథలు చాలు. న్యూయార్కులో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల మనస్తత్వ నిపుణుడు, ఎవరితోనూ మాట్లాడని ఒక పిల్లాడు తన గదిలో ఉన్న కుక్క దగ్గర మాత్రం తెరుచుకోవడం గమనించాడు. కుక్క పేరు జింగిల్స్. లెవిన్సన్ అది సాటి నిపుణుల సభలో చెబితే నవ్వారట. ఫీజులో కుక్కకి ఎంత వాటా ఇస్తున్నావని అడిగారట. 1962లో ఆయన దాన్ని వ్యాసంగా అచ్చువేశాడు. రెండో కథ మా న్యూజెర్సీదే. ఎలెయిన్ స్మిత్ అనే నర్సు ఇంగ్లండులో పనిచేసేటప్పుడు, ఒక మతగురువు తన గోల్డెన్ రిట్రీవర్‌తో ఆస్పత్రికి రావడం, దాన్ని చూడగానే రోగుల మొహాలు మారడం చూసింది. తిరిగొచ్చి 1976లో థెరపీ డాగ్స్ ఇంటర్నేషనల్ పెట్టింది. మొదటి విజిట్‌కి వెళ్లింది ఐదుగురు మనుషులు, ఆరు కుక్కలు. మీరూ ఐదుగురే, కుక్కలు నాలుగు. కాబట్టి చిన్న బృందమని దిగులు పడకండి. పెద్ద బృందం కావాలనే తొందరే ప్రమాదం, దాని గురించే ఈ ఉత్తరం.

ఇంకో సంగతి ముందే స్పష్టంగా పెట్టుకోండి. చూపులేనివాళ్లకి దారి చూపించే కుక్క వేరు, మన కుక్క వేరు. అమెరికా చట్టం ఆ కుక్కని హోటల్లోకీ బస్సులోకీ రానిస్తుంది. థెరపీ కుక్కకి అలాంటి హక్కేమీ లేదు. పిలిస్తేనే వెళ్లాలి, పొమ్మంటే రావాలి. మెడలో రంగు గుడ్డా, ఛాతీ మీద బ్యాడ్జీ ఉన్నంత మాత్రాన ఏ తలుపూ తెరుచుకోదు. మన తలుపులన్నీ తెరుచుకునేది బృందానికున్న పేరు మీద. ఒక కుక్క ఒక్కసారి కరిస్తే ఊళ్లో అన్ని తలుపులూ ఒకేసారి మూసుకుంటాయి.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. కమిటీలో కొత్తగా చేరిన రోజులు. ఒక యూనివర్సిటీ వాళ్లు పరీక్షల వారానికి కుక్కల్ని పంపమన్నారు. పిల్లలు ఒత్తిడిలో ఉన్నారు, మూడు కుక్కలు కావాలి, గంటన్నర చాలు అన్నారు. సరేనన్నాను. అప్పట్లో నేను ఎవరికైనా సరేననేదాన్ని. అలా అంటుంటే అందరూ మెచ్చుకునేవాళ్లు. ఆ రోజు మిగతా ఇద్దరూ రాలేదు. ఒకరికి జ్వరం, ఒకరి కారు చెడిపోయింది. ఒక్క సున్నుండతో నేనే వెళ్లాను. లైబ్రరీ హాల్లో తలుపు దాకా వరస. అది చూశాక వెనక్కి తిరగబుద్ధి కాలేదు. గంటన్నర కాస్తా మూడు గంటలైంది. గంట దాటిన దగ్గర్నుంచీ సున్నుండ ఆవలిస్తూనే ఉంది. నిద్రొస్తోంది పాపం అన్నారు పిల్లలు. పెదాలు నాక్కుంటోంది. తల పక్కకి తిప్పుకుంటోంది, కంటి చివర తెల్లగుడ్డు కనిపిస్తోంది. అవన్నీ "చాలు, పద" అని కుక్క చెప్పే మాటలు. కొత్తవాళ్లకి ఆ మాటలు నేర్పేదే నేను. ఇంకో పదిమందే ఉన్నారు కదా అనుకున్నాను. ఒకమ్మాయి వెనకనుంచి వచ్చి మెడ చుట్టూ చేతులేసి వాటేసుకుంది. సున్నుండ గుర్రుమని, గాలిలో ఒక్కసారి పళ్లు టక్కున కొరికింది. అమ్మాయికి ఏమీ తగల్లేదు. హాలంతా నిశ్శబ్దం. ఆ తర్వాత అది నేల మీద తివాచీ తడిపేసింది.

ఆ రాత్రి రిపోర్టు నేనే రాసుకున్నాను. మా నియమం ప్రకారం సున్నుండని ఆర్నెల్లు పక్కన పెట్టారు. కమిటీలో ఒకాయన "కుక్క తప్పేమీ లేదు కదా, మళ్లీ పరీక్షించి పంపేద్దాం" అన్నాడు. కుక్క తప్పు లేదు, నిజమే. అందుకే తాడు పట్టుకున్న మనిషిని కూడా పక్కన పెట్టాలని నేనే అడిగాను. ఇద్దరం ఆర్నెల్లు ఇంట్లో ఉన్నాం. మళ్లీ మొదట్నుంచి పరీక్ష, మళ్లీ పెద్ద టెస్టరు ముందు విజిట్లు. ఇది త్యాగమని చెప్పడం లేదు. ఆ అమ్మాయి చెంపకి పళ్లు తగిలుంటే ఏమయ్యేదో ఇప్పటికీ అప్పుడప్పుడు రాత్రి గుర్తొస్తుంది.

పెట్ పార్ట్‌నర్స్ అని ఇక్కడో పెద్ద సంస్థ ఉంది, 1977లో డెల్టా ఫౌండేషన్ పేరుతో మొదలైంది. వాళ్ల లెక్కలో ఒక జంట రోజుకి రెండు గంటలకి మించి పనిచెయ్యకూడదు, రెండేళ్లకోసారి మళ్లీ పరీక్ష ఇవ్వాలి. మా బృందం ఆ సంఘటన తర్వాత గంటకి దించుకుంది. మీరు ముప్పావుగంట పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో పగలు అసలు పెట్టుకోవద్దు. మన ఎండకి పార్కింగులో నేల పెనంలా కాలుతుంది. మీరు చెప్పులేసుకుని నడుస్తారు, అది వట్టి పాదాలతో నడుస్తుంది. మీ చేయి వెనక్కి తిప్పి నేల మీద ఆనించి చూడండి, ఐదు సెకన్లు ఉంచలేకపోతే కుక్కని దించొద్దు.

ఇక అసలు విషయం. బృందం నడిపేవాళ్ల పనిలో ముప్పాతిక వంతు కుదరదని చెప్పడమే. బయటివాళ్లకి చెప్పడం కొంచెం తేలిక. హైదరాబాదులో మీకు మొదట వచ్చే ఫోన్లు ఆస్పత్రుల నుంచి రావు, రాసుకోండి. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు ఆఫీసుల హెచ్చార్ల నుంచి వస్తాయి. "శుక్రవారం మధ్యాహ్నం ఫన్ యాక్టివిటీ, ఓ ఆరు కుక్కలు, గోల్డెన్ అయితే బెస్ట్, ఫొటోలు బాగా వస్తాయి." వెళితే డబ్బిస్తారు, టీషర్టులిస్తారు, మీ పేరు వాళ్ల పోస్టులో పెడతారు. బృందానికి డబ్బు అవసరమే, వెళ్లొద్దనను. కానీ నెలకొకటి మించకుండా, మీ షరతుల మీద. లేకపోతే ఆర్నెల్లు తిరిగేసరికి మీరు థెరపీ బృందం కారు, బర్త్‌డే పార్టీకి జోకర్ని పంపే కంపెనీ అవుతారు. నాలుగు కుక్కలు అలిసిపోతాయి, బుధవారం పొద్దున బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడికి వెళ్లడానికి ఒక్కటీ మిగలదు.

లోపలివాళ్లకి చెప్పడమే ప్రాణం మీదకొస్తుంది. ఒక పెద్దాయన గురించి చెబుతాను, ఆనవాళ్లు మార్చి. భార్య పోయి నాలుగు నెలలు. ఆవిడ పెంచుకున్న కుక్కని తీసుకుని పరీక్షకొచ్చాడు. "మా ఆవిడ చివరి రోజుల్లో మీ వాళ్లొచ్చేవారు. దీన్ని కూడా అలా పంపాలని ఆవిడ కోరిక" అన్నాడు. కుక్క మంచిదే. కానీ చక్రాల కుర్చీ కదిలితే చాలు, కుర్చీ కిందకి దూరి వణికేది. స్టీలు ట్రే కింద పడితే తేరుకోవడానికి పది నిమిషాలు పట్టేది. కుదరదని చెప్పాలి. మా కమిటీలో ముగ్గురు ఇంకో అవకాశం ఇద్దామన్నారు. ఇచ్చాం. రెండోసారీ అంతే. చెప్పింది నేను. అతను ఏమీ అనకుండా తాడు చేతికి చుట్టుకుని వెళ్లిపోయాడు. ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు. ఒక శనివారం కుక్క లేకుండా వచ్చి, మీ రిజిస్టర్లు ఎవరు చూస్తున్నారని అడిగాడు. అందరూ చూస్తున్నాం, అంటే ఎవరూ చూడట్లేదు అన్నాను. అప్పట్నుంచీ టీకాల తేదీలన్నీ అతని దగ్గరే. అతను అలా రాకపోయినా నేను చెప్పింది తప్పయ్యేది కాదని నా నమ్మకం. చాలామంది తిరిగి రారు. మీ స్నేహితుల్లో కొందరు మీతో మాట్లాడటం మానేస్తారు. వాళ్ల కుక్కని కాదంటే వాళ్ల పిల్లని కాదన్నట్టే.

పరీక్ష ఎంత గట్టిగా ఉండాలని అడిగారు. ఇక్కడ కెన్నెల్ క్లబ్బు వాళ్ల "కెనైన్ గుడ్ సిటిజన్" పరీక్ష ఒకటుంది, 1989 నుంచి. పది అంశాలు: కొత్తమనిషి పలకరిస్తే ఎగబడకూడదు, జనంలోంచి లాగకుండా నడవాలి, ఇంకో కుక్క ఎదురైతే పట్టించుకోకూడదు, యజమాని మూడు నిమిషాలు కనపడకుండా పోతే ఊరుకోవాలి, ఇలాంటివి. అది పునాది మాత్రమే. మీ పరీక్షలో మన ఆస్పత్రిని పెట్టండి. ఫినాయిలు వాసన, సెలైన్ స్టాండు ఈడ్చుకెళ్లే కీచుమనే శబ్దం, ఒకే మంచం చుట్టూ ఎనిమిదిమంది బంధువులు, టిఫిన్ క్యారియర్ మూత తీస్తే వచ్చే కోడికూర వాసన. కుక్క ఒకవేళ అన్నిట్లో నెగ్గినా, మొదటి మూడు విజిట్లూ మీలో ఒకరు పక్కనే ఉండి చూడాలి. అలయన్స్ ఆఫ్ థెరపీ డాగ్స్ అనే సంస్థ ఇప్పటికీ అదే చేస్తుంది: పరీక్ష తర్వాత మూడు విజిట్లు పరిశీలకుడి కళ్లముందే. జనం తక్కువున్నారని ఇది మాత్రం ఎగ్గొట్టకండి. కుక్క కంటే మనిషి ఎలా ఉన్నాడో ఆ మూడు విజిట్లలోనే బయటపడుతుంది. కుక్కని రోగి ఒళ్లోకి తోసి తను ఫోన్ చూసుకునేవాడు ఒకడు, రోగికి మాట తోచనివ్వకుండా తనే వాగేది ఒకావిడ. వీళ్లకీ కుదరదనే చెప్పాలి.

జాతుల గురించి ఒక్క ముక్క. గోల్డెన్ రిట్రీవరే కావాలనుకోవద్దు. ఆ బొచ్చుతో హైదరాబాదు మే నెలలో అది బతకడమే గొప్ప. మన ఊరకుక్క, అదే మీరు ఇండీ అంటారే, చిన్నప్పుడే మనుషుల్లో పెరిగిందైతే దివ్యంగా పనికొస్తుంది. పైగా వార్డులో ముసలమ్మకి అది తెలిసిన మొహం.

ఇప్పుడు మన దగ్గర ఉన్న భయం గురించి. ఇక్కడివాళ్లకి కుక్క అంటే సోఫా మీద కూర్చునేది. మనవాళ్లలో చాలామందికి కుక్క అంటే రాత్రి బండి వెనక తరిమేది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాణ్ని వీధికుక్కలు చంపేసిన వీడియో రాష్ట్రమంతా చూసింది. ప్రపంచంలో రేబిస్ చావుల్లో మూడోవంతుకి పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లక్షణాలు బయటపడ్డాక బతికినవాళ్లు దాదాపు లేరు. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆస్పత్రులు, బడులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల నుంచి వీధికుక్కల్ని తీసేయాలని ఆదేశించింది. ఒకవైపు గేటు దగ్గర కుక్కల్ని పట్టుకునే బండి ఆగి ఉంటే, అదే గేటులోంచి మీరు తాడు పట్టుకుని కుక్కని లోపలికి తీసుకెళ్తారు. సెక్యూరిటీ మనిషి ఆపుతాడు. ఆపాలి. అతనితో వాదించకండి, "మేం పర్మిషన్ తీసుకున్నాం" అని గొంతు పెంచకండి. ముందురోజే వెళ్లి అతనికి కుక్కని చూపించండి, కాగితం చూపించండి. మా కాకినాడలో అయితే అతనికి ఒక టీ కూడా తాగిస్తాం.

భయపడేవాళ్లని మార్చడం మీ పని కాదు. వార్డులోకి అడుగుపెట్టే ముందు నర్సు వెళ్లి మంచం మంచానికీ అడగాలి. ఒక్కరు వద్దన్నా ఆ గదిలోకి వెళ్లకూడదు. కుక్క లాలాజలం తగిలితే నమాజుకి ముందు కడుక్కోవాలనుకునే ముస్లిం కుటుంబాలుంటాయి, మడి ఆచారం పాటించే మా నాయనమ్మలాంటివాళ్లుంటారు, చిన్నప్పుడు బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు చేయించుకున్నవాళ్లుంటారు. వాళ్ల వద్దు వద్దే. "మా టామీ ఏమీ అనదండీ" అన్న మాట మీ బృందంలో ఎవరి నోటా రాకూడదు. అన్నవాళ్లని ఆ రోజుకి ఇంటికి పంపండి.

శుభ్రత విషయంలో పెద్ద ఆస్పత్రుల ఇన్ఫెక్షన్ కంట్రోల్ వాళ్లు మిమ్మల్ని గుచ్చిగుచ్చి అడుగుతారు, విసుక్కోవద్దు. వాళ్లు అడిగేదాంట్లో నిజముంది. 2018లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు క్యాన్సరు చికిత్సలో ఉన్న పిల్లల దగ్గరకెళ్లే థెరపీ కుక్కల్ని గమనించారు. కుక్కతో ఎక్కువ సేపు గడిపిన పిల్లల దగ్గర ఎమ్మార్సెయ్ అనే మొండి సూక్ష్మజీవి ఎక్కువగా కనిపించింది. విజిట్‌కి ముందు క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందున్న షాంపూతో స్నానం చేయించి, మధ్యమధ్యలో ఒళ్లు తుడిస్తే ఆ తేడా బాగా తగ్గింది. కుక్క తెచ్చిపెట్టిందని కాదు, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి కుక్క బొచ్చు వారధి అయిందని. అందుకని తాకేముందు శానిటైజరు, తాకాక శానిటైజరు, మంచం మీద పరిచిన గుడ్డ ఒక రోగికి ఒకటే. పచ్చిమాంసం తినే కుక్కని తీసుకోవద్దు. ఏటా రేబిస్ టీకా, మలపరీక్ష, నులిపురుగుల మందు. కాగితం లేకపోతే మీ చెల్లెలి కుక్కైనా సరే గుమ్మం దగ్గరే ఆపండి.

కాగితాలంటే గుర్తొచ్చింది. మా బృందాన్ని పెట్టినావిడ గురించి చెప్పలేదు. ఇరవై ఏళ్లు ఒంటిచేత్తో నడిపింది. ఏ ఆస్పత్రిలో ఎవరితో మాట్లాడాలి, ఏ కుక్కకి ఏ మందు పడదు, ఇన్సూరెన్సు ఎప్పుడు కట్టాలి, అన్నీ ఆవిడ నీలిరంగు డైరీలో, ఆవిడ ఫోన్లో. అందరం మురిసిపోయేవాళ్లం. ఒక మార్చిలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. మాట పోయింది. డైరీ దొరికింది గానీ రాత ఆవిడకి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. ఇన్సూరెన్సు గడువు ఏప్రిల్లో దాటిపోయిందని మాకు మేలో తెలిసింది, అది కూడా ఒక వృద్ధాశ్రమం వాళ్లు కొత్త కాపీ అడిగితే. తొమ్మిది వారాలు ఒక్క విజిట్ లేదు. ఆ వృద్ధాశ్రమంలో మంగళవారం మూడింటికి కుర్చీలు కిటికీ వైపు తిప్పించుకుని కూర్చునేవాళ్లట, మేం వస్తామని. అందులో ఇద్దరు ఆ తొమ్మిది వారాల్లో పోయారు.

అందుకని మీ ఐదుగురిలో ఏ పనీ ఒక్కరి చేతిలోనే ఉండకూడదు. ప్రతి తాళానికీ రెండో మనిషి. ఏటా ఒకరు కమిటీ నుంచి దిగిపోవాలి, ఎంత బాగా చేస్తున్నా సరే. మీలో ఎక్కువ పని చేసే అమ్మాయి ఎవరో నాకు మెసేజిలు చూస్తేనే తెలిసిపోయింది. రాత్రి పన్నెండున్నరకి వచ్చేవన్నీ ఆ అమ్మాయివే. మిగతా నలుగురూ ఆ అమ్మాయి మీద ఒక కన్నేసి ఉంచండి. కుక్క ఆవలిస్తే అలిసిందని గుర్తుపట్టే మనం, పక్కమనిషి ఆవలిస్తే కాఫీ ఇచ్చి ఇంకో ఫారం చేతిలో పెడతాం.

దారి చూపించేవాళ్లు ఇక్కడే ఉండక్కర్లేదు. ముంబైలో యానిమల్ ఏంజెల్స్ ఫౌండేషన్ వాళ్లు రెండు దశాబ్దాలుగా ఈ పని చేస్తున్నారు, అక్కడ మానసిక నిపుణులే కుక్కతో కలిసి పనిచేస్తారు. చెన్నైలో బ్లూ క్రాస్ వాళ్లు "డాక్టర్ డాగ్" నడిపారు. నా పద్నాలుగు పేజీల కంటే వాళ్ల దగ్గర ఒక రోజు కూర్చోవడం నయం. బడుల్లో చెయ్యాలనుకుంటే 1999లో సాల్ట్ లేక్ సిటీలో మొదలైన చదువు కుక్కల పద్ధతి చూడండి: చదవడానికి సిగ్గుపడే పిల్ల కుక్క పక్కన కూర్చుని పైకి చదువుతుంది, కుక్క తప్పులు దిద్దదు. తెలుగు వాచకం పట్టుకుని ఒత్తుల దగ్గర ఆగిపోయే పిల్లలు మన బడుల్లో తక్కువా?

ఇంత కష్టం దేనికని మీకు అనిపించవచ్చు. నాకూ చాలాసార్లు అనిపించింది. ఒక పునరావాస కేంద్రంలో మనవైపు పెద్దాయన ఒకరుండేవారు. కొడుకు దగ్గరకి వచ్చి, ఇక్కడే పక్షవాతం పాలయ్యారు. ఇంగ్లీషు రాదు, మాట సరిగా రాదు, వ్యాయామం చేయించే పిల్ల "లిఫ్ట్, లిఫ్ట్" అంటే గోడవైపు తిరిగేవారు. మేం వెళ్లినా పట్టించుకోలేదు, నాలుగు వారాలు. ఐదో వారం సున్నుండ వేరే మంచం వైపు పోతుంటే నేను "అటు కాదు, ఇటు దా" అన్నాను. ఆయన తల తిప్పారు. కుక్కని చూశారు, నన్ను చూశారు, మళ్లీ కుక్కని చూశారు. "దీనికి... తెలుగొచ్చా?" అన్నారు. ముద్దముద్దగా, అయినా తెలిసింది. తర్వాత చెయ్యి చాచి, దాని గవద కింద గీరుతూ, "తిన్నావా?" అన్నారు. ఆ చెయ్యి పడిపోయినవైపుది కాదు, బాగున్నదే, అద్భుతమేమీ జరగలేదు. వ్యాయామం పిల్ల మాత్రం అప్పట్నుంచీ బ్రష్షు ఆయన పడిపోయిన ఎడమచేతికిచ్చి కుక్కని దువ్వమనేది. రోజుకి పది దువ్వుళ్లు. "లిఫ్ట్" అనడం మానేసి నా దగ్గర "ఎత్తండి" నేర్చుకుంది.

ఆయన ఫొటో మా దగ్గర లేదు. కొడుకు తీసుకోండన్నా తీసుకోలేదు. ఇదొక్కటి మీరు గోడ మీద రాసిపెట్టుకోవాలి: రోగి మొహం మీ ఇన్‌స్టాలో ఉండకూడదు. కుక్క ఫొటోలు ఎన్నైనా పెట్టుకోండి, అది ఏమీ అనుకోదు.

సున్నుండకి ఇప్పుడు పదమూడు. పోయినేడే మానిపించాను. తుంటి నొప్పి, మెట్లెక్కలేదు. మంగళవారం మూడింటికి ఇప్పటికీ వెళ్లి తలుపు దగ్గర పడుకుంటుంది.

సంక్రాంతికి కాకినాడ వస్తున్నాను. జనవరి 17 తర్వాత మూడు రోజులు హైదరాబాదులో ఉంటాను. మీ కుక్కల్ని తీసుకురావద్దు, వాటిని మీ పశువుల డాక్టరమ్మ చూసుకోగలదు. మీరు ఐదుగురూ రండి. వచ్చేటప్పుడు రెండు తీసుకురండి: టీకాల రిజిస్టరు, ఇప్పటిదాకా మీరు కుదరదని చెప్పినవాళ్ల పేర్ల కాగితం. రెండో కాగితం ఖాళీగా ఉంటే మొదటి విజిట్ వాయిదా వేసుకోండి, మనం కూర్చుని మాట్లాడుకుందాం. రాత్రి పన్నెండున్నర అమ్మాయిని మాత్రం ఆ రోజు వంట చెయ్యనివ్వకండి. పులిహోర నేను తెస్తాను.

ఇట్లు,
మీ న్యూజెర్సీ ఆంటీ,
సున్నుండ తాడు పదేళ్లు పట్టుకున్న మనిషి